నిలబడి ఫాయిల్ (ఫెన్సింగ్‌లోని మూడు రకాల కత్తుల్లో ఒకటి) ఆడిన ఫెన్సర్ వీల్‌చెయిర్‌కి మారితే పాత విద్యలో ఏది మిగులుతుంది?

ప్రశ్న – కత్తిమొన:
హంగరీ ఫెన్సర్ పాల్ సెకెరెష్ 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఫాయిల్ జట్టు కాంస్యం గెలిచారు. 1991లో బస్సు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది. 1992 బార్సిలోనా పారాలింపిక్స్‌లో ఫాయిల్ స్వర్ణం! కాళ్ల పని పోయాక ఇంత త్వరగా ఎలా కుదిరింది?

జవాబు – రిపోస్ట్:
ఆయనది ఫాయిల్ కావడం కలిసొచ్చిందండీ. నిలబడినా కూర్చున్నా ఫాయిల్‌లో గురి మొండెమే. రెండో రకం కత్తి సేబర్‌లోనూ నడుము పైభాగమే. చిక్కంతా మూడో రకం కత్తి ఎపే వాళ్లకి: నిలబడి ఆడేటప్పుడు కాలి వేలికి తగిలినా టచ్చే (పాయింటే), కుర్చీలో నడుము కింద లెక్కలేదు. 1996 అట్లాంటాలో ఆయన ఫాయిల్‌, సేబర్‌ రెండింట్లో స్వర్ణాలు గెలవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం. ఫాయిల్ కత్తీ అదే: బరువు 500 గ్రాముల లోపు, మొన స్ప్రింగు 500 గ్రాముల తూకాన్ని తిరిగి పైకి నెట్టాలి.

జవాబు – పరీ4:
మారేది దూరం. రెండు కుర్చీలనీ ఫ్రేముకి 110 డిగ్రీల కోణంలో బిగిస్తారు. చెయ్యి పొట్టిగా ఉన్నవాళ్లు తమ దూరమా, ఎదుటివాళ్లదా అన్నది ఎంచుకుంటారు. ఇక వెనక్కి అడుగు లేదు, నడుము వాల్చడమే. నిలబడి ఆడినవాళ్లు మొదట్లో చేసే తప్పు పెద్ద పరీ (ఎదుటి కత్తిని పక్కకి నెట్టడం): బ్లేడు పక్కకి దూరంగా పోతుంది, తిరిగొచ్చేలోపు టచ్ పడిపోతుంది. వేళ్లతో, చిన్నగా చెయ్యాలి. రెండో తప్పు, దాడిలో సీటు మీంచి లేవడం. దానికి శిక్ష ఉంది. ఖాళీ చేత్తో కుర్చీని గట్టిగా పట్టుకుని మొండెం ముందుకి విసరడం, అదే చేత్తో వెనక్కి లాక్కోవడం విడిగా సాధన చెయ్యాలి. లేకపోతే ముందుకి వంగినవాళ్లు అక్కడే చిక్కుకుపోతారు.

కత్తిమొన:
మొండెం మీద పట్టు లేకపోతేనండీ?

జవాబు – రిపోస్ట్:
పట్టున్నవాళ్లు ఎ వర్గం, లేనివాళ్లు బి. వ్యక్తిగత పోటీల్లో ఎ, బి విడివిడిగా పోటీపడతారు.

జవాబు – ఫిజియో_బల్ల:
కత్తి కంటే ముందు చర్మం చూసుకోవాలి. స్పర్శ లేనిచోట పుండు పడితే నెలల తరబడి సాధన ఆగిపోతుంది. పావుగంట, అరగంటకోసారి ముందుకి వాలి ఒకటి రెండు నిమిషాలు పిరుదుల మీద బరువు తీసెయ్యాలి. గాయం టీ-6 (ఛాతీ భాగంలో ఆరో వెన్నుపూస) దగ్గరగానీ పైనగానీ ఉంటే కింది భాగానికి చెమట సరిగా పట్టదు, మందపాటి జాకెట్లో ఒళ్లు కాగిపోతుంది. బౌట్ల (ఒక్కో పోరు) మధ్య జాకెట్ విప్పి నీళ్లు చిలకరించండి. అదే గాయమున్నవాళ్లకి ఉన్నట్టుండి తలపోటు, మొహం ఎర్రబడటం కనిపిస్తే ఆట ఆపి నిటారుగా కూర్చోబెట్టండి, పట్టీలు వదులు చెయ్యండి, మూత్రం గొట్టం మడతపడిందేమో చూడండి. మూత్రాశయం నిండితే రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతుంది. తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి.