తెల్లవారుజామున సెల్ఫ్ అందుకోదు, ఎండెక్కితే మామూలే: డైనమో మార్చమంటారా?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)

అందరికీ నమస్కారం. నాన్నగారు కొన్న 2003 మోడల్ 800 సీసీ పెట్రోలు కారు మాది. వారానికి మూడు రోజులు అమ్మను డయాలసిస్‌కి విజయవాడ తీసుకెళ్లాలి, ఐదింటికల్లా బయల్దేరాలి. కార్తీకం వెళ్లి చలి ముదిరిన దగ్గర్నుంచి తాళం తిప్పితే టక్‌మని ఒక్క శబ్దం, అంతే. డాష్‌బోర్డు లైట్లు మాత్రం తగ్గవు. ఐదారుసార్లు తిప్పితే ఒకసారి అందుకుంటుంది. తొమ్మిది దాటాక అదే కారు ఒక్క తిప్పుకే స్టార్ట్.

మొన్న కాజ టోల్‌గేట్ దాటాక పొగమంచులో హెడ్‌లైట్లు సన్నగిల్లాయి, రేజ్ చేసినా పెరగలేదు. అమ్మ ఏమీ అనలేదు గానీ డోరు హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది. అప్పట్నుంచీ నాకు నిద్ర పట్టడం లేదు. బ్యాటరీ వేయించి నలభై రోజులే అయింది. ఇప్పుడు మెకానిక్ డైనమో (ఇంజను నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) మార్చాలంటున్నాడు.

జవాబు 1 (విజయవాడ, పటమట)

ముందు బ్యాటరీ టెర్మినళ్లు చూడండి అన్నా. కొత్త బ్యాటరీ అయినా పాత క్లాంపులే తగిలించి పంపుతారు. తెల్లపొడి ఉంటే వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించి వేజలైన్ రాయండి. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. ఇంకోటి, లైట్లకి పెద్ద ఫ్యూజు వేసుకోమంటే మాత్రం వినొద్దు. ఫ్యూజు మిగిలి వైరు కాలుతుంది.

జవాబు 2 (విజయవాడ, ఆటోనగర్)

ఇరవై రెండేళ్లుగా కార్ల వైరింగు పని చేస్తున్నానండి. డైనమో ఇప్పుడే మార్చకండి.

లైట్లు తగ్గవన్నారు చూశారా, అసలు సంగతి అక్కడుంది. సెల్ఫ్ గట్టిగా కరెంటు లాగితే లైట్లు తగ్గి తీరాలి. తగ్గలేదంటే బ్యాటరీలో దమ్ముంది, కరెంటు దారిలోనే ఎక్కడో ఆగుతోంది. సెల్ఫ్‌కీ డైనమోకీ రెండింటికీ తిరుగుదారి ఇంజను నుంచి బాడీకి వచ్చే ఎర్త్ స్ట్రాప్. పాత బళ్లలో నా అనుమానం ఎప్పుడూ ముందు దాని మీదే.

మల్టీమీటరు డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్ పోస్టుకి, ఎర్రది ఇంజను మీద శుభ్రమైన లోహానికి ఆనించండి. ఇంకొకరు తాళం తిప్పాలి. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. అర వోల్టు దాటితే ఎర్త్ పోయినట్టే. మీటరు లేకపోతే జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి ఇంజనుకి తగిలించి తిప్పండి. టక్కున స్టార్ట్ అయితే దొంగ దొరికినట్టే. ఇవన్నీ తెల్లవారుజామునే చేయాలి, మధ్యాహ్నం చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. మీ మెకానిక్‌కి దొరక్కపోవడానికి కారణం అదే అయ్యుండొచ్చు.

చలికే ఎందుకంటారా? రాత్రి మంచుకి బోల్టు కింద తుప్పులో తడి చేరుతుంది, ఇంజనాయిల్ చిక్కబడి సెల్ఫ్‌కి బరువు పెరుగుతుంది. మన ఊళ్లలో బ్యాటరీని తినేసేది మే నెల ఎండ. అది బయటపడేది ఇలాంటి పొద్దుల్లో. అందుకే అందరి అనుమానం బ్యాటరీ మీదకే పోతుంది.

ప్రశ్న అడిగినవారు మళ్లీ

అన్నగారూ, ఈ పొద్దున ఐదింటికి మా తమ్ముడు తాళం తిప్పాడు, నేను మీటరు పట్టుకున్నా. నాలుగు వోల్టులకు పైనే చూపించింది! జంపర్ కేబుల్ తగిలిస్తే మొదటి తిప్పుకే స్టార్ట్ అయింది.

స్ట్రాప్ విప్పి చూశా. జడలా అల్లిన రాగితీగ, పైకి బాగానే ఉంది. లగ్ (బోల్టుకి బిగించే చివరి రేకు) దగ్గర వంచితే లోపలంతా పచ్చటి పొడి, నాలుగైదు పోగులు మాత్రం పట్టుకుని ఉన్నాయి. బాడీ మీద బోల్టు చోటు ఎమెరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది కొత్తది బిగించా. ఇప్పుడు అదే పరీక్షలో 0.1 వోల్టు. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర నిన్న 12.3 ఉన్నది ఇవాళ 14.1. డైనమో నిక్షేపంగా ఉంది.

బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి వచ్చే వైరు కూడా అంతే పాతది, ఆదివారం అదీ మార్చేస్తా. రేపు అమ్మకి డయాలసిస్ ఉంది, ఐదింటికే బయల్దేరుతున్నాం.