15 పళ్ల స్ప్రాకెట్ వేయించినా ఆర్‌పీఎం తగ్గలేదు, మైలేజీ పడిపోయింది. మెకానిక్ పాతదే బిగించాడా?

ఖమ్మం_సీబీఆర్:
అన్నలూ, నాది 2012 హోండా సీబీఆర్ 250ఆర్ బైకు, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. చైన్ తిరిగే పళ్ల చక్రాలకి, అదే స్ప్రాకెట్లకి, కంపెనీ నుంచి ముందు 14 పళ్లు, వెనక 38 వస్తాయి. నెలకి రెండుసార్లు సూర్యాపేట మీదుగా హైదరాబాద్ వెళ్లొస్తుంటా, చైన్ సెట్ ఎలాగూ మార్చాలి కదా, హైవే మీద ఇంజన్ కాస్త తీరిగ్గా తిరుగుతుందని ముందు 15 వేయమన్నా. వేశానన్నాడు, డబ్బులిచ్చి వచ్చేశా, పళ్లు లెక్కపెట్టుకోలేదు. ఇప్పుడు చూస్తే ఆరో గేర్‌లో మీటర్ 80 ఉన్నప్పుడు ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో) ముల్లు ఇంతకుముందు ఎక్కడుండేదో అక్కడే ఉంది, నాలుగున్నర వేలు దాటి కొంచెం. ఒక్క గీత కూడా దిగలేదు. ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి 33 వచ్చే మైలేజీ 31కి పడింది. ఫస్ట్ గేర్‌లో క్లచ్ ఇంకొంచెం సేపు పట్టి వదలాల్సి వస్తోంది, అది నా భ్రమ కావచ్చు. ఫోన్‌లో జీపీఎస్ పెడితే మీటర్ 80కి 79, 80 మధ్య చూపిస్తోంది కాబట్టి మీటర్ తప్పేమీ లేదు. పాతదే కడిగి బిగించాడని నా డౌట్. వెళ్లి నిలదీయాలా?

స్ప్లెండర్_మావయ్య:
నిలదీయాల్సిందే. నేను స్ప్లెండర్‌కి ముందు ఒక పన్ను పెద్దది వేయించా, మీటర్ ఏమీ మారలేదు, అదే స్పీడుకి ఇంజన్ సౌండ్ మాత్రం తగ్గింది. నీకు తగ్గలేదంటే వేయలేదనే.

చైన్‌లూబ్:
మావయ్యా, స్ప్లెండర్ లెక్క దీనికి పనికిరాదు. దానికి ముందు చక్రం హబ్‌లో గేరు ఉండి కేబుల్ తిప్పుతుంది, వెనక ఏ చైన్ సెట్ వేసినా మీటర్‌కి సంబంధం లేదు.

తమ్ముడూ, గొడవకి వెళ్లకు. నువ్వు చెప్పినవన్నీ కలిపి చూస్తే అతను 15 వేశాడు. నీ బండికి స్పీడ్ సెన్సర్ చక్రం దగ్గర ఉండదు, ఇంజన్ కేసు మీద ఉంటుంది. గేర్‌బాక్స్ ఎంత తిరుగుతోందో చూసి మీటర్‌కి పల్సులు పంపుతుంది, అంటే స్ప్రాకెట్ దాకా రాకముందే కొలత అయిపోయింది. బయట ఎన్ని పళ్లున్నాయో, టైరు ఎంతుందో దానికి తెలియదు, ఎప్పుడూ 14కి 38 అనుకునే లెక్క వేస్తుంది. ఆరో గేర్‌లో మీటర్ 80 చూపించాలంటే గేర్‌బాక్స్ ఎంత తిరగాలో అంతే తిరగాలి, దానికి ఇంజన్ కూడా అంతే తిరగాలి. 13 వేసినా 16 వేసినా ఆ జత విడిపోదు. మీటర్ 80 దగ్గర ఆర్‌పీఎం పోలిస్తే జీవితాంతం తేడా కనిపించదు, జీపీఎస్ 80 దగ్గర పోల్చాలి.

అసలు నిన్ను పట్టించింది ఆ జీపీఎస్సే. నా దగ్గరా ఇదే బండి ఉండేది, 14తో మీటర్ 100 అంటే జీపీఎస్ 93. కంపెనీలు కావాలనే ఎక్కువ పెడతాయి. యూరప్‌లో నడిచే 39వ నంబర్ ఐక్యరాజ్యసమితి నిబంధన ప్రకారం మీటర్ అసలు వేగం కన్నా తక్కువ ఎప్పుడూ చూపించకూడదు, ఎక్కువైతే పదో వంతు, ఆపైన 4 కి.మీ. దాకా పర్వాలేదు. అలాంటప్పుడు ఎవడైనా ఎక్కువ వైపే ఉంచుకుంటాడు. నీకు 14 ఉండి ఉంటే మీటర్ 80కి జీపీఎస్ 74 చిల్లర రావాలి. 15ని 14తో భాగిస్తే 7.1 శాతం పెరుగుదల, 74.4 మీద అది కలిపితే 79.7. నీకు వస్తున్నది అదే కదా.

మైలేజీ కూడా పడలేదు. స్పీడు ఎక్కువ చూపించే బండ్లలో కూడా కిలోమీటర్లు చాలావరకు సరిగ్గానే ఉంటాయి, మీటర్ లోపల ఆ రెండు లెక్కలూ వేరు. ఇప్పుడు నువ్వు 107 కి.మీ. వెళ్తే అది 100 రాసుకుంటోంది. నీ 31ని 1.071తో గుణించి చూడు, 33.2. మరి పెరగలేదేం అంటావేమో, మీటర్‌లో 80 చూసి నడిపే అలవాటు నీది, అప్పట్లో అది నిజానికి 74, ఇప్పుడు దాదాపు 80. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే 15 శాతం ఎక్కువ గాలిని తోసుకుంటూ వెళ్తున్నావు. ఆర్‌పీఎం తగ్గించుకుందామని వేసిన స్ప్రాకెట్‌తో అదే ఆర్‌పీఎంలో ఇంకా స్పీడుగా పోతున్నావన్నమాట.

ఇంకా డౌటుంటే కిలోమీటర్ రాళ్లు చూస్తూ ట్రిప్ మీటర్ సున్నా చేసి 20 రాళ్లు వెళ్లు, 15 ఉంటే అందులో 18.7 దగ్గర రావాలి.

బుల్లెట్350:
కేబుల్ బండ్లవాళ్లకి ఒక మాట. మీటర్ ముల్లు వణుకుతున్నా, ఉన్నట్టుండి తప్పు చూపిస్తున్నా ముందు కేబుల్ ఎండిపోయిందేమో, ఎక్కడైనా మడత పడిందేమో చూడండి. నా పాత క్లాసిక్‌కి మీటరే మార్చాలన్నారు, లోపలి తీగ తీసి గ్రీజు రాస్తే సరిపోయింది. మనకి లెక్కలోకి వచ్చేది ముందు టైరు, సీబీఆర్‌కి వెనక టైరు. 140/70 సైజు టైరు తీసేసి చూడ్డానికి బాగుందని 150/60 వేస్తే చుట్టుకొలత రెండున్నర శాతం తగ్గుతుంది, అదీ మీటర్‌లోనే కనిపిస్తుంది.

ఖమ్మం_సీబీఆర్:
చైన్‌లూబ్ అన్నా, దెబ్బకి తల తిరిగింది కానీ అర్థమైంది. మరి ఈ మీటర్‌ని సరిచేయించాలంటే? స్పీడోహీలర్ అని ఏదో అమ్ముతున్నారు.

చైన్‌లూబ్:
అది సెన్సర్‌కీ మీటర్‌కీ మధ్య తగిలించే చిన్న డబ్బా, పల్సులని నువ్వు చెప్పిన శాతం పెంచో తగ్గించో పంపుతుంది. చిక్కేంటంటే స్పీడూ కిలోమీటర్లూ అదే సిగ్నల్ మీద నడుస్తాయి కాబట్టి రెండూ కలిసే కదులుతాయి. 7.1 పెంచితే కిలోమీటర్లు సరిపోతాయి, స్పీడు మళ్లీ పాత అబద్ధానికి వెళ్తుంది. నేనైతే ఏమీ చేయను. స్పీడు దైవకృప వల్ల సరిగ్గా వచ్చి కూర్చుంది, కిలోమీటర్లకి తలలో 7 శాతం కలుపుకో. ఆయిల్ మార్చేటప్పుడు మీటర్‌లో 10,000 అంటే నిజంగా 10,700 అని గుర్తుంటే చాలు, రేపు బండి అమ్మితే కొనేవాడికీ చెప్పు.

ఒక్క జాగ్రత్త. నాలుగు లైన్ల హైవే మీద బైకులకి పరిమితి 80. ఇంతకుముందు మీటర్‌లో 84 వెళ్లినా నిజానికి 78, కెమెరా పట్టించుకునేది కాదు. ఆ వెసులుబాటు ఇప్పుడు లేదు. రేపెప్పుడైనా 16 వేశావంటే మీటరే నీకు చలానా తెప్పిస్తుంది.

ఖమ్మం_సీబీఆర్:
నిన్న హైదరాబాద్ వెళ్తూ చూశా. సూర్యాపేట దాటాక 20 రాళ్లకి ట్రిప్‌లో 18.7. జీపీఎస్ 80 పెట్టి ఆర్‌పీఎం మళ్లీ చూడాలి, 14తో ఎంతుండేదో రాసి పెట్టుకోలేదు. అయినా నమ్మకం కుదరక ఇంటికొచ్చి ముందు స్ప్రాకెట్ కవర్ విప్పా, దాని మీద 15 అని పంచ్ కొట్టి ఉంది. పెద్ద స్ప్రాకెట్ చైన్‌ని ఎక్కువ తీసుకుంటుంది కదా, వెనక చక్రం కూడా అడ్జస్టర్ గీతల మీద ముందుకి జరిగి ఉంది. పాపం ఆయన తప్పేం లేదు. కానీ విప్పేటప్పుడు కవర్ బోల్టు ఒకటి తల అరగదీశా, ఇప్పుడు ఆయన దగ్గరికే వెళ్లాలి.