సిసిలీ నుంచి వచ్చిన ఈ అంజూర ఏ రకమో చెప్పగలరా?

నమస్తే అండి. మేం న్యూజెర్సీలో ఉంటాం. పక్కింటి ఇటాలియన్ పెద్దాయన మూడేళ్ల కిందట ఇల్లు అమ్మి కూతురి దగ్గరికి వెళ్తూ, పెరట్లోని అంజూర కొమ్మ ఒకటి కోసిచ్చారు. వాళ్ల తాతగారు సిసిలీ నుంచి ఓడలో తెచ్చుకున్నారట. రకం పేరడిగితే "మా తాత చెట్టు" అనేవారు, అంతే. చలికాలం రాగానే దానికి గోనెపట్టా చుట్టి, పిల్లాడిని చూసుకున్నట్టు చూసుకునేవారు.

ఈ ఏడాది మాకు బాగా కాసింది. పండు చిన్నది, ముదురు ఊదా రంగు, మెడ దగ్గర కాస్త పచ్చదనం. గుజ్జు స్ట్రాబెర్రీలా ఎర్రగా ఉంది. అడుగున కన్ను (చిన్న రంధ్రం) దాదాపు మూసుకునే ఉంటుంది, అందుకే వానలకు పులిసిపోలేదు. ఆకుకి ఐదు సన్నని చీలికలు. పాత కొమ్మల మీద వచ్చే తొలికాపు లేదు, అసలు కాపు ఆగస్టు చివర్లో మొదలైంది. మొన్నటి చలికి కొమ్మలు నేల దాకా ఎండిపోయినా, మొదట్లోంచి చిగురించి అదే ఏడాది కాసింది.

నాకైతే హార్డీ షికాగో అనే రకం అనిపిస్తోంది. కానీ సిసిలీలోని ఎట్నా పర్వతం వైపు రకాలన్నీ ఒకేలా ఉంటాయి కదా, వాటిని విడదీసి గుర్తుపట్టడం ఎలా? ఆకు, కాయ, కోసిన పండు కాక ఇంకేం ఫొటోలు కావాలి? పెంచినవాళ్లు దయచేసి చెప్పండి. పెద్దాయనకి 88 ఏళ్లు. ఆయనకి ఫోన్ చేసి ఆ పేరు చెప్పాలని ఉంది.