పాత ఫెండర్ హెడ్‌ను కాంబోగా మార్చాలి: పెట్టె, స్పీకర్, కరెంటు గురించి సందేహాలు

కర్నూలు గిటార్:
అందరికీ నమస్కారం. మా మామ అమెరికా నుంచి వచ్చేటప్పుడు పాత ఫెండర్ బ్యాండ్‌మాస్టర్ హెడ్ (స్పీకర్ లేకుండా గిటార్ యాంప్ ఒక్కటే ఉండే పెట్టె) తెచ్చి ఇచ్చారు. ముందు ప్యానెల్ నలుపు, 1966 నాటిది అంటున్నారు. స్పీకర్ క్యాబినెట్ పెద్దదని అక్కడే వదిలేశారు. నేను ప్రతి ఆదివారం చర్చిలో వాయిస్తాను, మధ్యలో పెళ్లిళ్లు కూడా ఉంటాయి. సి.క్యాంప్ నుంచి ఆటోలో హెడ్ వేరుగా, స్పీకర్ వేరుగా మోయడం కుదరదు. ఒకే పెట్టెలో స్పీకర్ పెట్టి కాంబోలా చేయించుకోవాలని ఉంది.

నా సందేహాలు ఇవి. ఉన్న పెట్టెనే కోసి కింద స్పీకర్ బిగించవచ్చా? ఎన్ని ఓమ్స్ స్పీకర్ కొనాలి? ఇక్కడ సౌండ్ సిస్టమ్ షాపులో డీజే ఊఫర్ వేసుకోమంటున్నారు, వేయవచ్చా? ఇంకా ప్లగ్‌లో పెట్టలేదు, కరెంటు విషయంలో టెన్షన్‌గా ఉంది.

అనంత వాల్వ్:
తమ్ముడూ, ప్లగ్‌లో పెట్టకపోవడం చాలా మంచి పని. అది 120 వోల్టుల యాంప్. మన 230లో పెట్టావంటే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, దాని వెనకే మిగతావి కూడా పోతాయి. 230 నుంచి 110 ఇచ్చే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకో. 300 వాట్స్‌కు తగ్గనివ్వకు, 500 అయితే ఇంకా నిశ్చింత. ఇన్‌పుట్, అవుట్‌పుట్ వైండింగులు విడివిడిగా ఉన్నదే అడుగు. 120కి బదులు 110 వచ్చినా నష్టం లేదు, వాల్వులు (యాంప్‌లోని గాజు ట్యూబులు) కొంచెం చల్లగా నడుస్తాయి. యాంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌ను 60 హెర్ట్జ్‌కు చుట్టారు, మన 50 హెర్ట్జ్‌పై కాస్త ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి ఆ తగ్గింపు మేలే చేస్తుంది. రాత్రిళ్లు లోడ్ తగ్గి మన లైన్ 250 దాకా లేస్తే ఆ 110 కూడా 120కి దగ్గరవుతుంది.

రెండోది, దాని పాత వైరు రెండు పిన్నులది, ఎర్త్ ఉండదు. పైగా ఆ కాలపు ఫెండర్లలో గ్రౌండ్ స్విచ్ నుంచి ఛాసిస్‌కు (యాంప్ భాగాలన్నీ బిగించిన లోహపు చట్రానికి) ఒక కెపాసిటర్ ఉంటుంది. అది చెడిపోతే లైన్ కరెంటు నేరుగా నీ గిటార్ తీగల్లోకి వస్తుంది. మైక్ దగ్గర నోరు పెట్టి పాడేవాడికి ఇది ప్రాణాంతకం. మూడు పిన్నుల వైరు వేయించి, ఎర్త్‌ను ఛాసిస్‌కు బిగించి, ఆ కెపాసిటర్‌ను తీసేయించు. స్టెప్‌డౌన్ బాక్సులు కొన్నింటిలో ఎర్త్ పిన్ను ఉత్తుత్తిదే, లోపల వైరే ఉండదు. మీటర్‌తో చూసి గానీ కొనకు. ఇదంతా అయ్యాకే పెట్టె గురించి ఆలోచించు.

ఇక పెట్టె. పాత పెట్టెను కోయవద్దు. ఇది నా గట్టి మాట. 60ల నాటి ఆ పెట్టె మళ్లీ దొరకదు. కొత్త కాంబో పెట్టె చేయించి, ఛాసిస్‌ను మాత్రం అందులోకి మార్చు. పాత పెట్టె, దాని స్క్రూలు, వెనక పలక అన్నీ ఒక సంచిలో వేసి దాచు. రేపు నీకే మళ్లీ హెడ్‌గా కావాలనిపిస్తే అరగంట పని. కోసేశావంటే విలువా పోతుంది, వెనక్కి వెళ్లే దారీ పోతుంది. అసలు 50లలో బ్యాండ్‌మాస్టర్ కాంబోగానే వచ్చేది. 60ల మొదట్లోనే ఫెండర్ దాన్ని హెడ్, స్పీకర్ బాక్స్‌గా విడదీసింది. కాబట్టి నువ్వు చేయబోయేది వింతేమీ కాదు.

నీ అదృష్టం ఏమిటంటే ఈ హెడ్‌లో ఛాసిస్ పై పలకకు నాలుగు స్క్రూలతో వేలాడుతూ ఉంటుంది, వాల్వులు కిందికి చూస్తుంటాయి. కాంబోలో కూడా అలాగే వేలాడదీస్తారు. తిప్పే పని లేదు.

ఒక హెచ్చరిక. ఆ స్క్రూలు తీసి ఛాసిస్ బయటికి లాగగానే లోపలి వైరింగ్ మొత్తం తెరుచుకుంటుంది. అందులో 400 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది. ప్లగ్ పీకేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుంది. 10 కిలో ఓమ్స్, 5 వాట్స్ రెసిస్టర్‌కు క్లిప్ వైర్లు కట్టి ఛాసిస్‌కూ కెపాసిటర్ ప్లస్‌కూ మధ్య కొంతసేపు ఉంచాలి. మీటర్‌లో 10 వోల్టుల లోపు చూపించాకే చేయి పెట్టాలి. ఈ పని తెలియకపోతే పాత వాల్వ్ రేడియోలు బాగుచేసిన పెద్దాయన ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకో. యూట్యూబ్ చూసి చేసే పని కాదు.

కర్నూలు గిటార్:
చాలా థాంక్స్ అన్నా. పాత పెట్టె ముట్టుకోను. మరి స్పీకర్?

అనంత వాల్వ్:
బ్యాండ్‌మాస్టర్ అవుట్‌పుట్ 4 ఓమ్స్. దాని అసలు క్యాబినెట్‌లో 8 ఓమ్స్ 12 అంగుళాల స్పీకర్లు రెండు ప్యారలల్‌గా ఉండేవి, అంటే మొత్తం 4. రెండు పెడితే సౌండ్ నిండుగా ఉంటుంది గానీ పెట్టె లోపలి వెడల్పే 25 అంగుళాలు కావాలి, ఇద్దరు మోయాలి. ఆటో ప్రయాణం అంటున్నావు కాబట్టి ఒక్క 12 అంగుళాలదే పెట్టుకో. 4 ఓమ్స్ దొరికితే మేలు. 8 ఓమ్స్ ఒక్కటి పెట్టినా ఈ యాంప్ తట్టుకుంటుంది, సౌండ్ కొంచెం తగ్గుతుందంతే. యాంప్ సుమారు 40 వాట్స్, వాల్యూమ్ పెంచితే ఇంకా ఎక్కువే వస్తుంది. అందుకని స్పీకర్ 75 వాట్స్‌కు తగ్గకూడదు.

డీజే ఊఫర్ వద్దే వద్దు. దాని కోన్ (ముందుకూ వెనక్కూ ఊగే గరాటు) బరువు, బాస్ దెబ్బ కోసం చేసింది. గిటార్ స్పీకర్ కోన్ తేలిక, 5 కిలోహెర్ట్జ్ దాటాక దాని సౌండ్ తనంతట తానే తగ్గిపోతుంది. ఆ తగ్గడంలోనే గిటార్ గొంతు ఉంది. సెలెస్టియన్, ఎమినెన్స్, జెన్సెన్‌లలో ఏదైనా గిటార్ స్పీకరే ఆర్డర్ పెట్టు.

స్పీకర్ వైరు కలపకుండా మాత్రం ఎప్పుడూ వాయించవద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయే ప్రమాదం ఉంది. జాక్‌కు మామూలు స్పీకర్ వైరే వాడు. గిటార్‌కు వాడే సన్నని షీల్డ్ కేబుల్ దీనికి పనికిరాదు.

కడప చెక్కపని:
పెట్టె సంగతి నేను చెప్తాను. ముందు అట్టపెట్టెతో అదే కొలతల్లో నమూనా చేసుకోండి. ఛాసిస్ పైన పెట్టి, స్పీకర్ కింద నిలబెట్టి చూడండి. 12 అంగుళాల స్పీకర్ లోతు 5 అంగుళాలు దాటుతుంది. దాని అయస్కాంతం వెనక్కి పొడుచుకొచ్చి వేలాడే వాల్వులకో ట్రాన్స్‌ఫార్మర్‌కో తగిలేది అక్కడే. కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి. తగిలేలా ఉంటే స్పీకర్‌ను ఒక పక్కకు జరపండి, నడి మధ్యనే ఉండాలని రూలేం లేదు.

చెక్క విషయానికొస్తే పైన్‌వుడ్ 18 ఎంఎం తేలిక, మంచి మోత ఇస్తుంది. టేకు అందంగానే ఉంటుంది గానీ ఎత్తలేరు. ప్లైవుడ్ అయితే కొనేముందు షీటంతా వేలి కణుపుతో కొట్టుకుంటూ పోండి. టక్ టక్ మనే చప్పుడు ఒకచోట డొల్లగా మారిందంటే పొరల మధ్య బోలు ఉన్నట్టు. స్పీకర్ బిగించాక ఆ చోటే గరగరలాడుతుంది. పార్టికల్ బోర్డు వద్దు, మూలలు విరుగుతాయి. మూలల్లో మేకులు కాదు, ఫింగర్ జాయింట్ (రెండు పలకల అంచులు వేళ్లలా ఒకదాంట్లో ఒకటి దిగే అతుకు) వేసి ఫెవికాల్ పెట్టించండి. రెక్సిన్‌కు ఆటో సీట్లు కుట్టే షాపు చాలు, వాళ్ల చేతిలో మూలలు నీట్‌గా మడతపడతాయి.

వెనక మొత్తం మూయవద్దు. మన ఎండాకాలంలో వాల్వుల వేడి పోవడానికి దారి కావాలి. పైనా కిందా పలకలు పెట్టి నడుమ తెరిచి ఉంచండి.

అనంత వాల్వ్:
చెక్కపని అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతాను, చాలామంది మర్చిపోయేది. పాత పెట్టెలో పై పలక లోపలి వైపు లోహపు రేకు అంటించి ఉంటుంది చూడు. ఛాసిస్ తెరిచిన వైపును అదే మూస్తుంది. కొత్త పెట్టెలో ఆ రేకు లేకపోతే హమ్మింగ్ వస్తుంది, పక్కన ట్యూబ్‌లైట్ వెలిగితే అది కూడా వినపడుతుంది. పలుచటి అల్యూమినియం రేకు అంటించి, ఛాసిస్ అంచులకు గట్టిగా తగిలేలా చేయించు. పాతదాన్ని పీకవద్దు.

స్పీకర్, వాల్వులు ఒకే పెట్టెలోకి వచ్చాక అసలు పరీక్ష అదురుడే. చిన్న వాల్వులు లోపల కంపించి ఆ కంపనాన్నే సౌండ్‌గా మారుస్తాయి. హెడ్‌గా ఉన్నప్పుడు నిక్షేపంలా పనిచేసిన వాల్వు కాంబోలో కూత పెట్టవచ్చు. వాల్యూమ్ సగంలో ఉంచి, చెక్క పెన్సిల్ చివరతో ఒక్కో చిన్న వాల్వును మెల్లగా తట్టు. టిక్ అని వస్తే పర్లేదు. టంగ్ మని సాగిందంటే దాన్ని మార్చు, ముఖ్యంగా ఇన్‌పుట్ జాక్‌కు దగ్గరగా ఉన్నది. పెద్ద 6ఎల్6 వాల్వులు తలకిందులుగా వేలాడతాయి కాబట్టి వాటిని పట్టి ఉంచే క్లిప్పులు బిగువుగా ఉన్నాయో లేదో చూడు.

కర్నూలు గిటార్:
అర్థమైంది అన్నా. ముందు మూడు పిన్నుల వైరు, స్టెప్‌డౌన్ పని చూసుకుంటాను. ఆ తర్వాత అట్ట నమూనా చేసి ఫొటో పెడతాను. ప్రోగ్రామ్ అయిపోగానే ఆటో ఎక్కించేయవచ్చా?

అనంత వాల్వ్:
వెంటనే వద్దు. స్విచ్ ఆపి, వైర్లు చుట్టుకుంటూ పావుగంట ఆగు. వేడిగా ఉన్న వాల్వు కుదుపుకు తొందరగా చెడిపోతుంది. ఆటోలో స్పీకర్ ముఖం సీటు వైపుకు పెట్టి నిలబెట్టు, పడుకోబెట్టకు.

కడప చెక్కపని:
హ్యాండిల్‌కు స్క్రూలు కాదు, బోల్టు వేసి లోపల వాషర్‌తో నట్టు బిగించమనండి. ఈ బరువుకు స్క్రూ పీక్కొస్తుంది.