మోకాలి ఎక్స్‌రే: ఆర్థో చూస్తే చాలదా, రేడియాలజిస్టు రిపోర్టు కూడా కావాలా?

బెజవాడ ఆర్థో:
రిపోర్టు లేనిదే ఏ మోకాలి ఎక్స్‌రే మీదా మందు రాయకూడదని ఇక్కడ ఒకాయన వాదన. నేనొప్పుకోను. 55 ఏళ్లావిడ మెట్లెక్కలేకపోతున్నానంటూ సూర్యారావుపేట వస్తుంది. నిలబెట్టి ఫిల్మ్ తీయిస్తాం. లోపలివైపు కీలు సందు తగ్గింది, అరుగుదల. దీనికోసం సాయంత్రం దాకా కూర్చోబెట్టి, పైన ఇంకో ఫీజా?

గుంటూరు రేడియాలజిస్టు:
ఆ వాదన నాదే. అరుగుదల దొరగ్గానే కన్ను అక్కడే ఆగిపోతుంది సార్, తంటా అంతా దాంతోనే. ఎముకలో ఖనిజం 30 నుంచి 50 శాతం పోతే గానీ క్యాన్సర్ లాంటిది తిన్న గుంట ఫిల్మ్‌లో పైకి తేలదు. తేలినా ముందునుంచి తీసిన ఫిల్మ్‌లో చిప్ప నీడ కప్పేయొచ్చు. నేను సందు చివర్లో చూస్తా. ముందు ఎముక అంచు తెల్లగీత వెంబడి పైనుంచి కిందిదాకా పోతా. ఎక్కడైనా పలచబడిందా, తెగిందా, పక్కన ఎముక మీది పొర లేచిందా? తర్వాత లోపలి అల్లిక, చుట్టూ కండ వాపు, ఫిల్మ్ నాలుగు మూలలు. ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ఎక్కువగా వచ్చేది మోకాలి చుట్టూనే, అదీ ఎదిగే పిల్లలకి.

ఎక్స్‌రే టెక్నీషియన్:
ఫిల్మ్‌లో పడనిది మీ ఇద్దరికీ కనబడదు కదండీ! చీటీ మీద "మోకాలు, రెండు వ్యూలు" తప్ప ఇంకేం ఉండదు. "రాత్రిళ్లు నొప్పి" అని ఒక్క ముక్క రాస్తే తొడ ఎముక ఇంకాస్త కలిపి తీస్తాం.

బెజవాడ ఆర్థో:
అది నిజం, రాస్తాం. రాత్రి నొప్పి, బరువు తగ్గడం, చిన్న వయసులో ఒకే కాలికి వాపు ఉంటే నేనూ రిపోర్టుకి పంపుతా. అందరివీ అంటేనే పేచీ. పన్నెండేళ్ల పిల్లాడు మోకాలు పట్టుకుని వస్తాడు, జబ్బేమో తుంటిలో. మోకాలి ఫిల్మ్ ఎంత చదివితే ఏం లాభం? తుంటి లోపలికి తిప్పి చూస్తే దొరుకుతుంది.

గుంటూరు రేడియాలజిస్టు:
తుంటి విషయంలో మీదే పైచేయి. కానీ మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్, వేరేచోటి క్యాన్సర్ ఎముకకి పాకడం ఎక్కువగా పెద్ద వయసువాళ్లకే. మీ జాబితాలో మీ 55 ఏళ్లావిడ లేదు. ఆవిణ్ణి కూర్చోబెట్టక్కర్లేదు. మందులు రాసి పంపేయండి, రాత్రికి రిపోర్టు పెడతా, తేడా ఉంటే ఫోన్ చేస్తా.

బెజవాడ ఆర్థో:
సరే. ఆ ఫీజు ఆవిడ కట్టాలా, నేనా, మీరు వదిలేస్తారా?