కొత్త చేపల ట్యాంకులో అమ్మోనియా (చేపలకు విషం) దిగట్లేదు, ఏం చేయాలి?

గప్పీలు: ట్యాంకు పెట్టి ఇంకా నెల కాలేదు. నీళ్లు తేటగానే ఉన్నాయి గానీ అమ్మోనియా టెస్ట్ కిట్ ట్యూబులో పసుపు రావాల్సిన చోట ఆకుపచ్చ వస్తోంది. రంగుల కార్డు పక్కన పెట్టి చూస్తే 2 పీపీఎం (పది లక్షల వంతుల్లో 2). చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లన్నీ పారబోసి, ఫిల్టర్ కడిగి మళ్ళీ మొదలుపెట్టమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

నీలితోక: అలా చేయకండి. సగం నీళ్లు ఇప్పుడే మార్చండి, 2 ఉన్నది 1కి వస్తుంది. రేపు చూసి మళ్ళీ మార్చండి. కొత్త నీళ్లలో డీక్లోరినేటర్ (క్లోరిన్‌ని పోగొట్టే మందు) కలపండి, అవి ట్యాంకు నీళ్లంత వెచ్చగా ఉండాలి. ఒకటి రెండు రోజులు మేత ఆపేయండి, ఎదిగిన చేపలకు ఏమీ కాదు. అడుగున మిగిలిన మేతని సైఫన్‌తో లాగేయండి, అది కూడా కుళ్ళి అమ్మోనియా అవుతుంది.

పాతస్పాంజి: ఫిల్టర్‌ని కుళాయి కింద మాత్రం కడగొద్దండీ. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది నీళ్లలో కాదు, స్పాంజిలో. కుళాయి నీళ్లలోని క్లోరిన్ తగిలితే చచ్చిపోతుంది. మరీ మూసుకుపోతే ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి. శబ్దం వస్తోందని రాత్రిళ్లు ఫిల్టర్ ఆపేస్తారు కొందరు. ఆక్సిజన్ అందక పెరిగిందంతా పోతుంది. ఆ బ్యాక్టీరియా సరిపడా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది, ఓపిక పట్టాల్సిందే.

మొప్ప: పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) ఎంతుంది? అదే 2 పీపీఎం పీహెచ్ 7 దగ్గర కంటే 8 దగ్గర దాదాపు పది రెట్లు ప్రమాదం. విషం ఎక్కువగా ఉండే రూపం అక్కడ పెరుగుతుంది. పీహెచ్ పెంచే మందులేవీ వేయకండి.

నీలితోక: ఇంకో మాట. అమ్మోనియాని కట్టేసే కండిషనర్ (నీళ్లలో కలిపే మందు) వాడినా చాలా కిట్లు కట్టేసినదాన్ని కూడా కలిపి మొత్తం అమ్మోనియానే చూపిస్తాయి. అంకె తగ్గలేదని మళ్ళీ మళ్ళీ పోయొద్దు.

గప్పీలు: పీహెచ్ 7.8. నీళ్లు మార్చాక చేపలు కిందకి దిగాయి, హమ్మయ్య! కానీ ఇప్పుడు నైట్రైట్ కనిపిస్తోంది.

మొప్ప: అంటే బ్యాక్టీరియా పని మొదలైంది. కానీ నైట్రైట్ రక్తంలో ఆక్సిజన్‌ని మోయనివ్వదు, కాబట్టి నీళ్లు మార్చడం ఆపకండి. ఎయిర్ పంపు ఆడుతూనే ఉండాలి. 10 లీటర్లకు 1 గ్రాము ఉప్పు కరిగించి పోస్తే అందులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ని అడ్డుకుంటుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరసగా కొన్ని రోజులు 0 చూపించేదాకా కొత్త చేపలు వద్దు.

గప్పీలు: తెలిసినవాళ్ల పాత ట్యాంకు నుంచి స్పాంజి ముక్క తెచ్చుకోవచ్చా?

పాతస్పాంజి: తప్పకుండా, అంతకంటే మంచిది లేదు. వాళ్ల చేపలకు జబ్బులేవీ లేవని మాత్రం ముందే అడగండి. తెచ్చేటప్పుడు ఆ ట్యాంకు నీళ్లలోనే ముంచి తెచ్చి, ఆరిపోకముందే మీ ఫిల్టర్‌లో పెట్టేయండి.