పాత పెట్రోలు డబ్బా ఒకటి మిగిలింది, ఏం చేయాలి? (గుంటూరు)

కొరిటెపాడు కోడలు:

మా మామగారి ఇల్లు అద్దెకిద్దామని ఖాళీ చేస్తున్నాం. ఆయన పోయింది కిందటేడు కార్తీకంలో. మెట్ల కింద అర సర్దుతుంటే ఐదు లీటర్ల తెల్ల ప్లాస్టిక్ డబ్బా దొరికింది, ముప్పాతిక వరకు పెట్రోలు. కరెంటు పోతే నడిపే చిన్న జనరేటర్ కోసం తెచ్చి ఉంచుకున్నది. పక్కనే కూల్‌డ్రింక్ సీసాలో ఇంకో లీటరున్నర, అదేమో నీలంగా ఉంది. మామగారు ప్రత్తిపాడు దగ్గర మిరప వేసేవారు, దానికి సంబంధించిందో ఏమో.

డబ్బా మూత తీస్తే పెట్రోలు వాసనలా లేదు. తలుపులకు వేసే వార్నిష్ వాసన, కొంచెం పులుపు. మా ఆయన బెంగళూరులో కూర్చుని “సైడు కాలవలో పారబొయ్యి, లేదా చెత్త మీద పోసి అంటించెయ్” అంటారు. ఎదురింటి బాబాయిగారు నా యాక్టివాలో పోసేయమంటారు. బండి 2018 మోడల్, రోజూ ఆఫీసుకి దాని మీదే వెళ్తాను. ఆ మెట్ల గోడకి అవతల వంటగది, గ్యాస్ బండ. చూసినప్పటి నుంచి ఒకటే టెన్షన్. దీన్ని వాడుకునే దారి ఏదైనా ఉందా, ఎవరికైనా ఇచ్చేయొచ్చా?

ఆటోనగర్ పాతకాపు:

అమ్మా, వాడకం సంగతి తర్వాత. ముందు ఆ రెండూ మెట్ల కింద నుంచి తీసి పెరట్లో నీడన పెట్టండి, పిల్లలకి అందకుండా. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. పైకి పోదు, నేల మీద పాకుతూ తలుపు సందులోంచి పక్క గదిలోకి వెళ్తుంది. అక్కడ స్టవ్వు వెలిగించినా, ఒక స్విచ్చి టక్కుమన్నా చాలు. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి వదిలే సరుకు అది. గుంటూరు ఎండల్లో ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇక పాతదా కాదా అనేది తారీఖు చూసి తేల్చలేం. మూత గట్టిగా ఉండి చల్లని చోట ఉంటే ఆరు నెలలు బాగానే ఉంటుంది, మూత వదులైతే అంతకు ముందే పోతుంది. తెల్ల గాజు సీసాలో అర గ్లాసు పోసి, వెనకాల తెల్ల కాగితం పెట్టి చూడండి, పగటి వెలుతురులోనే. టీ డికాషన్ రంగుకి తిరిగితే అందులో జిగురు పుట్టినట్టే. కాసేపు కదపకుండా ఉంచితే అడుగున వేరే పొర నిలబడుతుందేమో కూడా చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇ20, అంటే 20 శాతం ఇథనాల్. ఇథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది. ఒక హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. పైన మిగిలింది మంచి పెట్రోలు అనుకోకండి, ఇథనాల్ పోయాక దాని ఆక్టేన్ కూడా, అంటే ఇంజన్ కొట్టుకోకుండా మండే గుణం కూడా, పడిపోతుంది. డబ్బా ఎంత కుదిపినా మళ్లీ సరిగ్గా కలవదు.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వరద తీసిన తర్వాత సింగ్ నగర్ వైపు నుంచి మా షెడ్డుకి వరసగా బళ్లు వచ్చాయి. ట్యాంకు ఊడదీసి సీసాలో పడితే కింద మట్టి నీళ్లు, పైన పెట్రోలు, మధ్యలో గీత గీసినట్టు. సెల్ఫ్ నొక్కీ నొక్కీ తెచ్చినవాళ్ల బళ్లలో ఆ నీళ్లు కార్బొరేటర్ (ఇంజన్‌కి పెట్రోలూ గాలీ కలిపి పంపే భాగం) దాకా వెళ్లిపోయి ఉండేవి. పని రెట్టింపు.

యాక్టివా సంగతి. 2018 అంటే బీఎస్4 (పొగ కాలుష్యం ప్రమాణం) కాలంది, కార్బొరేటర్ బండి. ట్యాంకు ఐదు లీటర్ల చిల్లర. రంగు మారకుండా, పొర లేకుండా, వాసన కొద్దిగా తగ్గిన పెట్రోలైతే, ట్యాంకులో కొత్తది దాదాపు నిండుగా ఉన్నప్పుడు పాతది అర లీటరు గుడ్డలో వడకట్టి కలుపుకోవచ్చు. అది ఖర్చయ్యాక ఇంకో అర లీటరు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 ఇంజెక్షన్ బళ్లలో మాత్రం ఆ సాహసం వద్దంటాను. మీరు వార్నిష్ వాసన అన్నారు కాబట్టి, నేనైతే మీ బండిలోనూ పొయ్యను. నాలుగొందల రూపాయల పెట్రోలు మిగుల్చుకోబోయి కార్బొరేటర్ విప్పించుకోవడం ఏం లెక్క?

ఆ జనరేటర్ ఎక్కడుంది? దాని ట్యాంకులో కూడా ఇదే మిగిలి ఉంటుంది. స్టార్ట్ చేసి చూడకండి. కార్బొరేటర్ కింద గిన్నెకి ఒక డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, అది వదులు చేస్తే పడేది గోధుమ రంగు జిగురైతే గిన్నె విప్పి కడగాల్సిందే. అందులో పెట్రోలు వెళ్లే పైలట్ జెట్ కన్నం వెంట్రుక దూరేంత, అది మూసుకుపోతే ఎన్నిసార్లు తాడు లాగినా అంతే.

తెనాలి తమ్ముడు:

ఇంత ఆలోచన ఎందుకండీ, మా ఇంట్లో గోడ వారన చెద పడితే పాత పెట్రోలే పోస్తాం. అయిపోతుంది.

పటమట వాసి:

తమ్ముడూ, మీ ఇంట్లో బోరుందా? పోసింది భూమిలోకి దిగుతుంది, ఆ నీళ్లే పైకి వస్తాయి. అందులో బెంజీన్ ఉంటుంది, క్యాన్సర్ తెచ్చే పదార్థం. చెద మళ్లీ వస్తుంది, ఎలాగూ.

కాలవ గురించి ఈవిడ భర్తగారికి ఒక మాట. మెక్సికోలో గ్వాడలహారా అనే ఊళ్లో 1992 ఏప్రిల్ 22న భూగర్భ మురుగు కాలవలోకి చేరిన పెట్రోలు పేలి వీధులకు వీధులు లేచిపోయాయి, రెండు వందల మందికి పైగా చనిపోయారు. అది పైపులైను లీకు, ఇక్కడ నాలుగు లీటర్లే, నిజమే. కానీ పలకలు కప్పిన సైడు కాలవలో నాలుగు లీటర్ల ఆవిరి నిలబడితే, పైన ఎవరో బీడీ పారేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. చెత్త మీద పోసి అంటించడం ఇంకా ఘోరం. అగ్గిపుల్ల చెత్తకి తగిలే లోపే ఆవిరి అంటుకుని గీసిన మనిషి మీదికి వస్తుంది.

1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలు 30 లీటర్ల దాకా ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి ఇంట్లో ఉన్నందుకు కంగారు పడకండి. కానీ కూల్‌డ్రింక్ సీసా దానికి తగిన పాత్ర కాదు.

మిరప రైతు, ప్రత్తిపాడు:

ఆ నీలం రంగుది తైవాన్ పంపుకి (వీపుకి తగిలించుకుని మందు కొట్టే ఇంజన్ పంపు) కలిపిన పెట్రోలు అయ్యుంటుందండి. మా పంపులు టూ స్ట్రోక్, పెట్రోల్లో 2టీ ఆయిలు కలపాలి. లీటరుకి 20 నుంచి 40 మిల్లీ, మిషన్ని బట్టి. ఆ ఆయిలుకే రంగు వేస్తారు. మిరపకి మందు కొట్టడం ముగిశాక మళ్లీ నారు నాటే దాకా పంపు మూలన పడుంటుంది, కలిపింది సీసాలోనే ఉండిపోతుంది. మా ఊళ్లో ప్రతి ఇంట్లో ఇదే కథ. పంపుని పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఒంపేసి, దానంతట అదే ఆగేదాకా నడిపి పెడితే మళ్లీ ఒక్క లాగుకే అందుకుంటుంది.

అది మీ యాక్టివాలో అసలు పొయ్యొద్దు, ప్లగ్గు నల్లబడి పొగ పెడుతుంది. పొలం చేసేవాళ్లకిచ్చినా ఏడాది పైబడింది కాబట్టి వాళ్లకీ పనికిరాదు, మధ్య చేలో పంపు ఆగిపోతే వీపు మీద ఇరవై లీటర్ల మందుతో నిలబడాలి.

ఇంకో సంగతి. మామగారి సామాను కాబట్టి అది పెట్రోలే అని ఖాయంగా అనుకోకండి. పురుగుమందు కూడా అలాంటి సీసాల్లో పోసి పెట్టుకునేవాళ్లున్నారు. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడకండి. ఏ కాస్త అనుమానం ఉన్నా డబ్బాలోదానితో కలపకుండా విడిగా ఉంచండి, చీటీ అంటించండి.

కొరిటెపాడు కోడలు:

అందరికీ చాలా థ్యాంక్స్. డబ్బాలోది గాజు సీసాలో పోసి చూశాను. పొర లేదు గానీ రంగు డికాషనే, సందేహం లేదు. కూల్‌డ్రింక్ సీసా మూతకి కారి ఎండిన చోట జిడ్డుగా, వేలికి అంటుకుంటోంది, ఆయిలు వాసన. ఆ రైతుగారు చెప్పిందే నిజమనుకుంటా. మామగారి పంపు మేడ మీద దొరికింది, దాని ట్యాంకులో కూడా నీలమే ఉంది. మా ఆయనకి గ్వాడలహారా చదివి వినిపించాను, “సరే నీ ఇష్టం” అన్నారు.

మరి ఇప్పుడు ఎవరికివ్వాలి, ఎలా తీసుకెళ్లాలి?

ఆటోనగర్ పాతకాపు:

మీకు అలవాటైన బండి మెకానిక్‌ని ముందుగా అడగండి. చైన్లు, హబ్బులు, గ్రీజు పట్టిన సామాన్లు కడగడానికి షెడ్డుల్లో పెట్రోలే వాడతారు, దానికి డికాషన్ రంగు అడ్డం కాదు. ఆయిలు కలిసింది కూడా ఆ పనికి సరిపోతుంది, పంపు ట్యాంకులోది నీలంగా ఉంది కాబట్టి అనుమానం తీరినట్టే. ఇది పాతది, బండ్లలో పోయొద్దు అని నోటితో చెప్పి ఇవ్వండి. పాత ఇంజన్ ఆయిలు పోసే డ్రమ్ములో మాత్రం కలపనివ్వకండి. ఆ ఆయిలు తీసుకెళ్లేవాళ్లు పెట్రోలు కలిసిందని తెలియక వేడి చేస్తే ప్రమాదం. కార్పొరేషన్ చెత్త బండిలో కూడా వద్దు, లోపల నలిగి పగిలితే ఆ పనివాళ్ల మీద పడుతుంది.

తీసుకెళ్లడానికి బిగుతు మూత ఉన్న రేకు డబ్బా అడిగి తెచ్చుకోండి. నిండా నింపొద్దు, పది డిగ్రీలు వేడెక్కితే పెట్రోలు నూటికి ఒక వంతు పెరుగుతుంది. పొద్దున్నే ఎండ రాకముందు వెళ్లండి, ఆర్టీసీ బస్సులో కాదు.

ఖాళీ అయిన తెల్ల డబ్బా పాత సామాన్లవాడికి వెంటనే ఇచ్చేయకండి. నిండు డబ్బా కన్నా ఖాళీ డబ్బాలోనే ఆవిరీ గాలీ అంటుకునే పాళ్లలో కలిసి ఉంటాయి. మూత తీసి పెరట్లో రెండు మూడు రోజులు బోర్లించి ఉంచండి, తర్వాత అడుగున కత్తితో ఒక కన్నం పెట్టి ఇవ్వండి, ఎవరూ మళ్లీ నీళ్లకో నూనెకో వాడుకోకుండా.